ఆరు గదులు

ఆదివారం. జీడి బట్టీకి సెలవు.
ప్లగ్గు పీకి, ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి
కింద పాతచీర మడతలు పరిచి కూర్చున్నాను.
ఫ్రీజరు నోరు పూడిపోయింది.
తలుపు రబ్బరు సాగిపోయిన నాటినుంచి
ఉద్దానం గాలిలోని తేమంతా
మా ఇంటికే వచ్చి గడ్డకట్టినట్టుంది.

"చాకుతో పొడిసీకమ్మా, గ్యాసు ఎలిపోతాది"
ఫోన్లో మెకానిక్కు తవిటినాయుడు.
"మరేటి సెయ్యమంటావు?"
"ఏటీ సెయ్యకు. కూకో."

ఊరికే కూర్చోవడం నాకు రాదు.
గిన్నెడు వేణ్ణీళ్లు లోపల పెట్టాను.
జీడిరసానికి కాలి నల్లబడ్డ వేళ్లతో
మంచును తడిమాను.
చల్లగా ఉందని తెలియడానికి కాస్త సేపు పట్టింది.
ఈ వేళ్లకి ఏదైనా ఆలస్యంగానే తెలుస్తుంది.

ముందు ఒక చుక్క.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత పైనుంచి ఒక పెచ్చు ఊడి
దభీమని గిన్నెలో పడింది.
పిల్లి ఉలిక్కిపడి పెరట్లోకి ఉరికింది.

లోపలున్నవి ఒక్కొక్కటే బయటపడ్డాయి.
పనసపిక్కల సంచి,
చిన్నోడు సగం తిని దాచుకున్న పాలైసు, పుల్లతో సహా,
ఎప్పటివో నాలుగు నెత్తళ్లు, కళ్లు తెరుచుకునే.
వాటి వెనక, గోడకి అతుక్కుపోయి
నీలం ప్లాస్టిక్ ట్రే.

దాలొదినది.

రోజుకి మూడు గ్లాసులు, అదీ పావులీటరువి,
అంతకు మించొద్దని సోంపేట ఆస్పత్రిలో చెప్పారు.
మాత్రల నీళ్లూ అందులోనే, టీ అందులోనే, చారూ అందులోనే.
ఇంటిచుట్టూ కొబ్బరితోట.
బొండాం చెక్కే చప్పుడు వినబడితే
కిటికీ మూసెయ్యమనేది.
మూడో గ్లాసులో సగం నేను ట్రేలో పోసేదాన్ని.
పన్నెండు గదుల ట్రేలో ఆరే గదులు.
"నీళ్లయితే గుటక. ఇదయితే అరగంట" అంటూ
ముక్క బుగ్గన పెట్టుకుని సీరియల్ చూసేది,
మాటాడితే కరిగిపోతుందన్నట్టు.
ఆఖరి ముక్క అయిపోయాక నామీద విరుచుకుపడేది:
"ఒలే, సిన్నది ఇచ్చినావు."
అన్నీ ఒకటే వదినా, అనేదాన్ని.

ఒకటి కాదు.
కాళ్లవాపు చూసి భయమేసి
ఆరో గదిలో కొంచెం తగ్గించేదాన్ని.

మధ్యాహ్నానికి ట్రే తనంతట తానే ఊడొచ్చింది.
రెండు గదులు ఖాళీ.
నాలుగింట్లో శ్రావణం నాటి ముక్కలు,
కడుపులో తెల్లటి బుడగలతో.
చివరిది, చూస్తేనే తెలుస్తోంది, చిన్నది.
నోట్లో వేసుకోబుద్ధి కాలేదు.
పారెయ్యబుద్ధీ కాలేదు.
తేల్చుకునేలోపు వాటంతటవే కరిగి
చీరలో ఇంకిపోయాయి.

చీర బకెట్లోకి పిండాను.
అలవాటుపడ్డ చెయ్యి స్టీలుగ్లాసు వెతుక్కుంది.
కొలిచాను. పదిహేను.
వదినకి అయిదు రోజులు.
ఆ నీళ్లతోనే ఇల్లంతా తుడిచాను.

సాయంత్రం ప్లగ్గు పెడితే
ఫ్రిజ్ ఒకసారి వణికి, మూలిగి, సర్దుకుంది.
చిన్నోడికి సోడాలో ఐసు కావాలట.
ట్రే కడిగి నీళ్లు పోస్తూ
ఆరో గది దగ్గర ఆగాను.
"ఇంకా ఉన్నాయి కదమ్మా, పొయ్యి."
ముందు ఆరోది
అంచు పొర్లేదాకా నింపి
అప్పుడు ఏడోదానికి వెళ్లాను.