శెనక్కాయ అంచు

హసావీలో, బకాలా పైన రెండో అంతస్తు గది.
మంచం ఉండాల్సిన చోట మగ్గం ఉంది.
రాత్రి దాని కిందే దూరి పడుకుంటా.
పైన బిగించిన నల్లగుడ్డ నుంచి
ముడి సరిగ్గా పడని పూస
ఒక్కోసారి ముక్కు మీద రాలుతుంది.

పదకొండేళ్లు ఖద్దామాగా చేసిన చేతులు.
క్లోరెక్స్ తిన్న వేళ్లకి మొదట్లో
సూది గుచ్చుకుంటే తెలిసేది కాదు,
గుడ్డ తడిస్తే తెలిసేది.

ఇప్పుడు ముగ్గురం.
జరీ తెచ్చేది రాయచోటి నసీంబీ.
బేరం ఆడేది మారిసెల్, మనీలా పిల్ల,
ఫోన్లో బొమ్మలు పెట్టి, అరబ్బీలో నవ్వి
ఐదు దీనార్లు పెంచి మరీ వస్తుంది.
లైసెన్సు ఉమ్ ఫవాజ్‌ది.
బోర్డు మీద పేరు ఆమె మనవరాలిది.
నా పేరు అకామాలో ఉంది:
ఓబులమ్మని అబూలామా అని రాశారు.
అబూ అంటే నాన్న.
కాగితం ప్రకారం నేను
లామా అనే ఎవరో పిల్లకి తండ్రిని.

అబాయా అంచుకి ఒక డిజైను కట్టాను.
నడుం నొక్కిన బుడ్డ, లోపల రెండు గింజలు,
పైన సన్నటి గీతల వల.
పెళ్లికూతురొకామె వేలితో తడిమి
"లూలూ" అంది. ముత్యం.
వాళ్ల ముత్తాత సముద్రంలో మునిగి తెచ్చేవాడట
ముక్కుకి కొమ్ముముక్క బిగించుకుని.
మారిసెల్ నా వైపు చూసింది.
ముత్యమే తల్లీ, అన్నాను.

వేంపల్లి అవతల రెండెకరాల చేలో
మా అమ్మ కూడా ఊపిరి బిగబట్టే లాగేది.
వాన మొహం చాటేసిన ఏడు
చెట్టుకి రెండే బుడ్డలు, అందులో ఒకటి డొల్ల.

మొన్న పెద్ద మాల్‌లో అదే అంచు చూశాం,
మెషీన్ కుట్టు, ఇటలీ పేరు, మూడింతల ధర.
బుడ్డకి మూడేసి గింజలు పెట్టారు.
మా నాటుకాయకి రెండే.
కేసు వెయ్యమంది నసీంబీ.
ఎవరి పేరున?
లామా వాళ్ల నాన్న పేరునా?

ముగ్గురం నవ్వాం, ఎస్కలేటర్ మీద,
మనుషులు తిరిగి చూసేంత.
తర్వాత బస్సులో ఎవరం మాట్లాడలేదు.

అప్పట్నుంచి ప్రతి అబాయాలో
ఎడమచేతి ముంజేతి దగ్గర
ఒక్క బుడ్డలో గింజలు కుట్టడం మానేశా.
ఇంతవరకు ఎవరూ అడగలేదు.
మా అమ్మైతే
చెవి దగ్గర పెట్టి ఊపి
పట్టేసేది.