లేపిన మట్టికి రేటు

రేట్ల పుస్తకం మూడుసార్లు తిరగేసిన.
మట్టి ఉన్నది అందుల:
తవ్వుటకు, లారీకి ఎత్తుటకు,
ఐదు కిలోమీటర్ల అవతల పారబోయుటకు.
మెత్తమట్టికొక రేటు, మొరానికొకటి,
రాళ్ళు కలిసిన మొరానికి ఇంకొకటి.
గోడగా నిలబడ్డ మట్టికి
ఒక్క వరుస లేదు.

గణపురం అవతల,
థర్మల్ పొగగొట్టాలు కనపడేటంత దూరంల
నాలుగు గదుల ఆరోగ్య ఉపకేంద్రం కట్టాలె.
పాతదాని స్లాబు మే నెలల పెనమైతది.
నర్సు రాజమణి టీకాల డబ్బా ఒళ్ళె పెట్టుకొని
గానుగ చెట్టు కింద కూసుంటది.
"మందులకు నీడ దొరికింది మేడం,
బాలింతలకే దొరకలే"
అన్నది, నవ్వకుండ.

రాత్రి కూసొని వేరే లెక్క రాసిన.
సిమెంటు బస్తా వెనుక బట్టీ,
బట్టీ వెనుక బొగ్గు,
బొగ్గు వెనుక మా నాయిన మొదటి షిఫ్టు,
ఆ షిఫ్టు వెనుక నా ఇంజనీరింగు ఫీజు.
ఇనుము రాసిన. లారీ డీజిలు రాసిన.
పేజీ అడుగున తేలిన మొత్తం రూపాయలల్ల లేదు,
అందుకే దాన్ని ఎవ్వరూ అడగరు.

వల్లెపు కొమురమ్మకు కాయితం అక్కర్లే.
గుంతల చెయ్యి పెట్టి పిడికెడు తీసింది,
ఒక పలుకు నాలిక మీదేసుకొని ఉమ్మింది.
తడిపి, ఉండ చేసి, నడుమెత్తు నుంచి విడిచింది.
పగలలే. రొట్టె లెక్క సాగింది.
"జిగట ఎక్కువ. ఎండితే నెర్రెలిస్తది.
వాగు ఇసుక మూడు తట్టలు, సున్నం చారెడు."
వరంగల్ ల్యాబు ఇరవై ఎనిమిది రోజులకు
అదే మాటను దశాంశాలల్ల పంపింది.

పైకప్పుకు నల్లమద్ది దూలాలు.
డిపో వేలంల కొన్నవి, కొసల మీద సుత్తి ముద్రలు.
భిక్షమాచారి చిత్రిక పడుతుంటే
పొట్టు ఆయన పాదాల చుట్టు చుట్టలు తిరిగింది.
అరవై ఏండ్లు చెట్టు పీల్చిన గాలి
ఆ దూలంల ఊపిరి బిగబట్టి ఉన్నది;
చెదను, నిప్పును రానియ్యకుంటే
ఇంకో అరవై ఏండ్లు విడువది.
"మరి కొట్టిన చెట్టుకు బదులో?" అన్నడు ఆయన, తలెత్తకుండ.
అంచనాల మొక్కలు రాసిన,
నీళ్ళు పోసే మనిషిని రాయలే.
ఆ రాత్రి మళ్ళ దిద్దిన.

ఆరడుగుల నమూనా గోడ లేపినం.
కింద రెండడుగులు రాయి, పైన పొర మీద పొర,
చెక్క అచ్చుల నడుమ దిమ్మిస చప్పుడు.
మోత మొద్దుబారితే పొర ఇంక వదులున్నట్టు,
గణగణమంటే కుదిరినట్టు.
కొమురమ్మ చెవితోటే గోడ కట్టింది.

జులైల నాలుగు రోజులు ముసురు.
ఐదోనాడు ఉరికిపోయి చూసిన:
పడమటి మూల బొటనవేలంత కరిగింది.
ఆ మూలకు చూరు పొట్టిగ గీసింది నేనే.

మళ్ళొచ్చిన మే నెల పగటిపూట ఈఈ సారొచ్చిండు.
వస్తూనే గోడకు అరచెయ్యి ఆనించిండు.
కూలితే ఎవరు జవాబు? టెండరెవరేస్తరు?
ఆడిటోళ్ళకు ఏం జెప్తం?
అన్నీ అడిగిండు.
చెయ్యి తీసుడు మరిచిపోయిండు.

సంతకం ఇంక కాలే.

కొమురమ్మ తట్ట బోర్లించి కూసున్నది.
"తవ్వితే ఘనపుమీటరు లెక్కనిస్తరు.
లేపితే ఏ లెక్కనిస్తవు బిడ్డా?"
ఖాళీ వరుసల రాసిన:
మట్టి, లేపుట.
రేటు గడి కాడ పెన్ను ఆపి
ఆమె దిక్కు చూసిన.