పిప్పి

దరఖాస్తులో రెండు వందల మాటల్లో రాయమన్నారు:
మీ ఊళ్ళో వృథాగా పోయే జీవ పదార్థం ఏది?
నేను లెక్క రాశాను.
అత్తాపూర్‌లో, నూట నలభై మూడో పిల్లర్ కింద
మా నాయన బండి.
ఎండాకాలం రోజుకు మూడు కట్టల చెరుకు,
సాయంత్రానికి నడుం లోతు పిప్పి.
సగం బర్రెలవాళ్ళు ఎత్తుకెళ్తారు,
సగం రాత్రిపూట ఎవరో తగలబెడతారు.
నూట అరవై మాటలయ్యాయి.
మిగిలిన నలభైలో
మూలకు విసిరిన ఒక మొదలు
తారు మీదే, కణుపు దగ్గర
ఆకు తొడిగిన సంగతి రాశాను.

సీటు వచ్చింది.
ఫిన్లాండ్. మూడు వారాలు.
పునరుత్పాదక జీవ వనరులు.
ఆ పేరు నేను చదివి ముగించేలోపు
నాయన ఇద్దరికి రసం పోశాడు.
"అంటే ఏంది బిడ్డా?"
"మళ్ళ మొలిచేటివి."
"గట్ల చెప్పొచ్చు గద, గింత పొడుగెందుకు?"

ఫీజు వాళ్ళది, టికెట్ మాది.
ఇరవై నెలల చిట్టీని అమ్మ
ఐదో నెలలోనే నష్టానికి పాడుకుంది.
నలభై మూడు డిగ్రీల మే నెలలో
కోఠిలో స్వెట్టర్ అడిగితే
షాపతను నా మొహం చూసి
నీళ్ళ గ్లాసు అందించాడు.

కిలో పిప్పి మేడ మీద ఎండబెట్టి
పాత గలీబులో కుట్టి తీసుకుపోయాను.
అక్కడి విమానాశ్రయంలో, చేతులకు తొడుగులేసుకున్న ఆమె
కుట్టు విప్పి, వాసన చూసి
"ఇది మొక్క" అంది.
కాదు, అయిపోయింది, రసం తీసేశాం అన్నాను.
"మొక్కే" అంది.
క్లాసు మొదలవక ముందే
మొదటి పాఠం అయిపోయింది.

చీకటి పడని ఊరు.
రాత్రి పదకొండుకీ కిటికీలో ఎండ.
ఈపాటికి నాయన బండికి తాడు కట్టేసి
పడుకుని ఉంటాడని
దుప్పటి కింద నా చీకటి నేనే చేసుకునేదాన్ని.

కర్రల మిల్లులో బెరడును కూడా తూకం వేశారు.
పొట్టుతో వేణ్ణీళ్ళు, నల్లటి జిగురుతో కరెంటు.
వియత్నాం కుర్రాడు వడ్ల ఊక పోసి చూపించాడు,
కెన్యా నుంచి వచ్చిన వంజీరు
కాఫీ తొక్కల మీద గంట మాట్లాడింది.
నా వంతొచ్చేసరికి బల్ల ఖాళీ.
నీ నమూనా ఏదీ, అంది ఐరా టీచరు.

రెండు రోలర్ల మధ్య చెరుకు పెట్టడం,
మడిచి మళ్ళీ పెట్టడం,
నిమ్మకాయ, అల్లంముక్క దోపి మూడోసారి పెట్టడం
ఉత్త చేతులతోనే చేసి చూపించాను.
గజ్జెల చప్పుడు నోటితో.
ఎవరూ నవ్వలేదు.
వంజీరు మాత్రం అడిగింది:
"నిమ్మ తొక్క ఎక్కడికి పోతుంది?"
పదేళ్ళుగా ఆ బండి పక్కనే పెరిగినదాన్ని,
నాకు తెలియదు.

చివరి రోజు
తెలుగు వాచకంలో పేరు మాత్రమే విన్న భూర్జ చెట్టు గుజ్జుతో
తలో కాగితం చేశాం.
తడి ఆరకముందు అరచెయ్యి ఆనిస్తే
గీతలన్నీ దిగాయి.

శంషాబాద్‌లో దిగేసరికి వాన.
నాయన కాగితాన్ని వెలుతురుకెత్తి చూశాడు,
గోటితో అంచు గీరాడు.
"గట్టిగుంది. కిలో ఎంతకు కొంటరు?"
కొనరు నాయనా, నేర్చుకోవడానికి చేసింది.
మూడు వారాలు గిదే చేసినవా, అనలేదు.
అన్నట్టు చూశాడు.

మర్నాడు బండికి వేలాడుతోంది
నా ఫిన్లాండ్, రెండు బట్టల క్లిప్పులతో:
గ్లాసు 20
ఐసు లేకుండ 30
నా అరచేతి గీతల మీదుగా, నీలం మార్కరుతో.

వానలో బేరాల్లేవు.
సాయంత్రానికి మూడు కరిగిపోయి సున్నా మిగిలింది.
బర్రెల రాజమల్లు పిప్పి మూట కట్టుకుంటుంటే
ఆగు, అన్నాను,
తూకం వేసి ఇస్తా.
నాయన తక్కెడ వంక, నా వంక చూసి
రోలర్లు తుడుచుకోవడంలో పడ్డాడు.

ఇక నిమ్మ తొక్కలు.
వాటికోసం ఎవరొస్తారో చూద్దామని
పిల్లర్‌కి ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాను
చీకటి పడేదాకా.
పడింది.
ఎంత బాగా పడింది.