రిమార్కుల గడి

మార్చి ముప్పై.
ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి తిరగడం లేదు.
సాయంత్రం అయిదుకల్లా వీసీ ఆఫీసుకు పోవాల్సిన పట్టిక
నా టేబుల్ మీద ఉంది:
అధ్యాపకుల పేరు, నిధులిచ్చిన సంస్థ, మొత్తం లక్షల్లో,
పేపర్లు, పేటెంట్లు, అవార్డులు.
చివర్న రిమార్కులకని ఒక గడి,
చిటికెనవేలంత వెడల్పు.

ఫిజిక్సు వాళ్లకు నలభై రెండు లక్షలు. మిషను దిగింది,
దాన్ని పెట్టిన గదికి కరెంటు లైను రాలేదు.
కెమిస్ట్రీ దామోదరం గారికి పేపర్లు పందొమ్మిది,
ఫోన్ చేసి ఇరవై అన్నాడు, దిద్దినాను.
తెలుగు శాఖ తాళపత్రాలకు మందు కొనాలంటే
ఇది ఏ పద్దు కిందికి వస్తుందని
మూడుసార్లు తిరిగొచ్చింది ఫైలు.
చెదలు మాత్రం ఏ పద్దూ అడక్కుండా
పని కానిస్తున్నాయి.

తొమ్మిదో వరుస. జ్ఞానప్రసూన మేడం, జువాలజీ.
అడిగింది పద్నాలుగు లక్షలు,
వచ్చింది మూడు లక్షల నలభై వేలు.
అంశం: శేషాచలం బండల్లో బంగారు బల్లి.

ఆ రోజు ఫైనాన్స్ ఆఫీసరు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది:
"కంచికి పోతే టికెట్టుకే తాకి రావచ్చు గదమ్మా,
ఇంత దుడ్డు దేనికి?"
ఆమె నవ్వలేదు.
"అది పలకదు సార్. ఇది పలుకుతుంది."

తర్వాత ఆడిట్ వచ్చింది.
టార్చిలైట్లు పది ఎందుకు?
పని రాత్రిపూటే ఎందుకు, ఆఫీసు వేళల్లో కుదరదా?
జీపు బాడుగ ఎందుకు, బస్సు లేదా?
జవాబు టైపు చేసింది నేనే:
బంగారు బల్లి పగలు బండ వదిలి రాదని సవినయంగా మనవి.
తలకోన దాటినాక లోపలికి బస్సు లేదని కూడా మనవి.
సవినయంగా అన్న మాట తగిలించకుంటే
మా మేడ మెట్లు ఎక్కలేదు ఏ నిజమూ.

చెంగల్రాయులు ఆమె స్కాలరు, ఏర్పేడు పక్క పల్లె.
ఫెలోషిప్పు వచ్చి ఏడు నెలలు.
వారానికొకసారి నా కిటికీ దగ్గర నిలబడతాడు, ఏమీ అడగడు.
"ఇంకా ఢిల్లీలోనే ఉండాదప్పా" అంటాను.
"సరేక్కా" అని పోతాడు.
తెల్లారి పాలపాకెట్లు వేస్తాడని
అటెండరు మునెయ్య చెబితే తెలిసింది.

మధ్యాహ్నం మేడమే వచ్చింది,
చెప్పులకు ఎర్రమట్టి, మోచేతి మీద గీరుకున్న గాయం.
"పేపర్లు ఎన్ని వేయమంటారు?"
"సున్నా. ఇంకా రాయలేదు."
"అవార్డులు?"

ఫోను తెరిచి నా ముందు పెట్టింది.
చీకటి.
టార్చి వెలుతురు పడినంత మేర ఒక బండ నెర్రె.
లోపలి గోడకు అతికించినట్టు తెల్లటి గుడ్లు నాలుగైదు.
చుట్టూ, ఎప్పుడో పగిలిపోయినవి వదిలిన
సున్నపు వలయాలు,
రాతి మీద ఒకదాన్నొకటి ఆనుకుని.
"ఏండ్ల తరబడి ఒకే చోటికొచ్చి పెడతాయి.
ఎన్ని పిల్లలు వెళ్లినాయో చెప్పేది ఈ రింగులే.
నూట పదిహేడు.
చెంగల్రాయులు మూడు రాత్రులు లెక్కపెట్టినాడు."

నా చేతిలో అప్పుడు ఆఫీసు సీలు ఉంది,
ఆమె యుటిలైజేషన్ సర్టిఫికెట్టు మీద వేయాల్సింది.
అదీ గుండ్రటిదే.
ప్యాడు ఎండిపోయి, రెండుసార్లు నొక్కినా
సగమే పడింది.

అయిదుకు పది నిమిషాలు.
పేపర్లు సున్నా. పేటెంట్లు సున్నా. అవార్డులు సున్నా.
ఒకదాన్నొకటి ఆనుకుని మూడు.
కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను.
తర్వాత అక్షరాలు బాగా చిన్నవి చేసి
చివరి గడిలో కొట్టినాను:
నూట పదిహేడు పిల్లలు బయటికి వెళ్లినవి.

మునెయ్య కాగితం పట్టుకుని
గుమ్మం దగ్గర ఆగి, కళ్లు చికిలించి చదివినాడు.
"ఇంతమంది పిల్లోళ్లు పాసైనారా అక్కా?
ఏ డిపార్టుమెంటు?"

"అయిదైతాండాది," అన్నాను, "పో."