రెండు పాయింట్ రెండు

ఎంటెక్ రెండో ఏడు.
విద్యానగర్ రైలుపట్టాల వెనక మా ల్యాబు.
ఉక్కుపట్టీ ఒక చివర బిగించి
రెండో చివర గాలిలో వదిలేస్తాను.
దాని మీద తేనెమైనంతో అంటించిన సెన్సరు
కందిగింజంత ఉంటుంది,
నా ఆర్నెల్ల స్టైపెండంత ఖరీదు.

చిన్న సుత్తితో ఒక్క తట్టు.
అంతే.
తరవాత అది వణికి వణికి
ఎంతసేపటికి మానుతుందో కొలవడమే నా చదువు.

హాస్టల్లో అడుగుతారు, "రాత్రంతా ఏం చేస్తావే అక్కడ?"
"కొట్టి, ఊరుకునేదాకా చూస్తాను."
నవ్వుతారు.
నిజానికి సినాప్సిస్‌లో కూడా
ఇంత సరిగ్గా రాయలేకపోయాను.

సుకన్య మేడమ్ తెప్పించిన బల్ల ఒకటుంది:
నాలుగు కాళ్ళలో గాలి, పైన నల్లరాతి పలక.
నేల ఊగినా తను ఊగదని దాని పుస్తకంలో రాసుంది.
లారీ పోయినా, లోకల్ రైలు పోయినా,
పై అంతస్తులో ఎవరో బీరువా ఈడ్చినా
స్క్రీను మీద గీత చెక్కుచెదరదు.

నవంబరు, ఒక గురువారం, రాత్రి పదకొండు.
గీత లేచింది.
రెండు పాయింట్ రెండు హెర్ట్జ్ దగ్గర
నిటారుగా ఒక ముల్లు.
తీగ మార్చాను. మైనం గోకి మళ్ళీ పెట్టాను.
ఫ్యాను ఆపాను, పక్కగదిలో ఫ్రిజ్ ఆపాను,
చివరికి చెప్పులు విప్పి ఊపిరి బిగబట్టి నిలబడ్డాను,
నా గుండేనేమోనని.
కాదు. నాది అంత వేగంగా కొట్టుకోదు,
వైవాలో తప్ప.

తాళాలగుత్తితో జహంగీర్ భాయ్ వచ్చాడు.
ఇరవై ఏడేళ్ళుగా ఇక్కడ అటెండరు.
స్క్రీను చూళ్ళేదు. కిటికీ తెరిచాడు.
"బరాత్ అమ్మా. నూర్ గార్డెన్స్‌ల. మర్ఫా కొడ్తున్రు."

గోడవతల మూడొందల మంది
ఒక్క దరువుకి ఒక్కసారే గాల్లోకి లేచి
ఒక్కసారే నేల మీద పడుతున్నారు.
కింద అంతా ఒకటే దక్కను రాయి.
వాళ్ళ మడమల్ని మోసుకొచ్చి
నా బల్ల కాళ్ళ దగ్గర పెట్టింది.

అసలు సంగతి తెల్లవారుజామున తేలింది.
ప్రతి వస్తువుకీ సొంత లయ ఒకటుంటుంది,
ఆ లయలో ఎవరైనా పిలిస్తే ఆగలేదు.
మా బల్లది, పుస్తకం చివరిపేజీలో చీమలంత అక్షరాల్లో,
రెండు పాయింట్ రెండు.
లోకాన్నంతా దూరం పెట్టడానికి
లక్షలు పోసి తెచ్చిన బల్ల
మర్ఫాకి మాత్రం చిందేస్తుంది!

"బరువు పెట్టి చూడు" అన్నారు మేడమ్.
పెట్టాను. ముల్లు పొట్టిదైంది, పోలేదు.
ఇక మిగిలింది పంచాంగం.
నేనూ జహంగీర్ భాయ్ కూర్చుని
థీసిస్‌కి రోజులు వెతికాం, ముహూర్తాలు లేని రోజులు.
మూఢం మంచిది. పుష్యం మంచిది.
మొహర్రం ఎప్పుడొస్తుందో ఆయన వేళ్ళ మీద చెప్పాడు.
ఆషాఢమైతే పెళ్ళిళ్ళుండవుగా అన్నాను.
నా వంక జాలిగా చూసి
"బోనాలమ్మా" అన్నాడు.

అలా పూర్తయింది నాలుగో అధ్యాయం,
ఈ చుట్టుపక్కల ఎవరూ ఎవరినీ పెళ్ళాడని రాత్రుల్లో.
గీతలు శుభ్రంగా వచ్చాయి. మేడమ్ మెచ్చుకున్నారు.
ఆ గురువారం ఫైలు మాత్రం చెరపలేదు.
"పనికిరానివి" అని పేరు పెట్టి దాచాను.

మొన్న ఏప్రిల్లో జహంగీర్ భాయ్ తమ్ముడి కొడుకు పెళ్ళి.
అదే నూర్ గార్డెన్స్.
ఖుర్బానీ కా మీఠా తిని వచ్చేద్దామనుకున్నాను.
ఆయన మేనకోడళ్ళు చెయ్యి పట్టి లాగారు.
లేచాను, పడ్డాను, మళ్ళీ లేచాను.
యాభై రెండు కిలోల ద్రవ్యరాశి,
మొదట్లో కాస్త వెనకబడి, తరవాత దరువులో కలిసి.
పిడికిట్లో ఫోను వణికింది.
ల్యాబు నించి జూనియర్ మౌక్తిక.
"అక్కా, రెండు పాయింట్ రెండు దగ్గర ఏదో వస్తోంది.
సెన్సరు పాడైందంటావా?"

"కాదే, నేనే!" అని అరిచాను మర్ఫాల హోరులో.
తనకి వినపడలేదు.
చేరే ఉంటుంది.