ఒక్క కాడనే భూమి

మూడో చిప్పు మార్చాను.
ఎర్రదీపం ఆరలేదు.
ఎవరూ పలక్కుండానే తీగలో మాటలు గుద్దుకుంటున్నాయట.

కాజీపేట, మే నెల.
ఐరన్ పెట్టకముందే వేడెక్కిన బోర్డు.
గీసిన బొమ్మ మళ్ళీ చూసుకున్నాను:
కేబుల్ వైపు మైనస్ తొమ్మిది వోల్టులు, దేని మీదా ఆనకుండా;
నడుమ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్,
చుట్టు చుట్టును ముట్టదు, మాట మాత్రం దాటుతుంది.
రెండు కొసలకీ యాభై ఓములు.
లెక్క తప్పలేదు.

నూట అరవై మీటర్ల నల్లతీగ వెంట నడిచాను
వరండా, మెట్లు, వర్క్‌షాపు రేకుల కిందికి.
అక్కడ ఓదెలు
ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి
బిందెడు నీళ్ళు పోస్తున్నాడు.

"అటు కొస మీరు భూమికి కట్టిన్రు గద మేడం,
ఇటు కొస ఉత్తగనే ఉన్నది.
పాపం అనిపించి నేను గూడ కట్టిన."

తిడదామనే వచ్చాను.
తీగ పైజాలీ విప్పి, దానికీ రాగిపట్టీకీ మధ్య మీటరు పెట్టాను.
అవతల పట్టాల మీద గూడ్సు కదిలింది,
ముల్లు ఎగిరిపడింది.

ఓదెలు చాలాసేపు చూశాడు.
"ఈ భూమి, ఆ భూమి ఒక్కటి గాదా?"
"కాదు."
"అంటే ఒక్క కాడనే కట్టాలె."
రాగిముక్కను జేబులో వేసుకున్నాడు.

దీపం ఆరింది.
పొద్దుగూకే వేళ
ఆ గదీ ఈ గదీ ఒకేసారి నోరు తెరిచాయి.
ఒక్క మినుకు.
రెండూ ఆగాయి.
ఒకటి కొంచెం ఎక్కువసేపు ఆగింది.