ఇతరములు

వర్తూరు దాటాక ట్యాబ్ రెండుసార్లు అడిగింది:
మీరున్న చోటు నగర పరిధిలో ఉంది, కొనసాగించాలా?
కొనసాగించాను.
రోజుకు ఎనిమిది కమతాలు నా వాటా.
పదకొండు కావస్తోంది, ఇంకా బోణీ కాలేదు.

మొదటి గేటు దగ్గర సెక్యూరిటీ నా మెడలో కార్డు చదివి
"వ్యవసాయమా? ఆరో అంతస్తులో పుదీనా కుండీ ఉంది మేడమ్,
రాసుకుంటారా?" అన్నాడు.
నవ్వాను. కుండీకి కోడ్ లేదు.

సర్వే నంబరు నూటపదిహేడు బై రెండు.
పహణీలో రెండెకరాల పద్నాలుగు గుంటలు, రాగి.
నేలమీద సున్నం కొట్టిన రాళ్ళు, ముప్పై నలభై సైట్లు,
నాలుగో అడ్డరోడ్డు అని బోర్డు.
రోడ్డు లేదు.
రాళ్ళ మధ్య కొత్తిమీర, మెంతి, ఎర్ర తోటకూర,
ఎవరి ప్లాటు కొలతకు వాళ్ళకి కత్తిరించి కుట్టినట్టు.

మునితాయమ్మ మడిలోంచి లేవలేదు.
"ఇరవైనాలుగో నంబరు సైట్లో కూసో, నీడ.
దాని ఓనరు పూనాలో ఉండాడు, ఏమీ అనడు."
నీడ చెట్టుది కాదు, టవర్ సీ ది.
పన్నెండుకల్లా జరిగిపోతుందట.

భూమి యజమాని?
"ముప్పై ఎనిమిది మంది."
సాగుదారు?
"కలుపు పీకేది నేను. కోర్టుకు పోయేది మా మరిది.
ఎవురు కావల్ల నీకు?"
కౌలు ఎంత?
"కౌలు యాడిది? పాములు రాకుండా చూస్తా.
ఎవుడన్నా రాయి జరిపితే ఫోన్ చేస్తా. అదే కౌలు."
గడి అంకెలే తింటుంది. సున్నా పెట్టాను.
ఎర్రగా ఉమ్మేసింది: సున్నా చెల్లదు.

నీటి వనరు?
కాలువ, చెరువు, బోరు, వాన, నాలుగూ చదివాను.
ఆమె గడ్డంతో పైపు చూపించింది.
"వాళ్ళు తానాలు చేసిన నీళ్ళు.
మిషన్లో తేరబెట్టి ఇడుస్తారు.
ఆదివారం నురుగు జాస్తి, తలంట్లు కదా."

పశువులు?
"ఒగ ఆవు. నిలిచిపోయిన బిల్డింగు కింద కట్టేస్తా,
జీ ఏడు అని గోడమీద రాసుండాది.
బండ్లు రాలే, ఇది ఉంది."

కుటుంబంలో ఇంకెవరు పనిచేస్తారు? పూర్తికాలమా, పాక్షికమా?
"కోడలు రత్నజ్యోతి. చీకట్లో లేచి కట్టలు కడతాది,
ఏడింటికి ఆ టవర్లో గిన్నెలకు పోతాది.
మా కూర మళ్ళా దాని చేతికే వస్తాది, కడగను.
ఆ నీళ్ళు మళ్ళా ఇట్లే."
అని చెంబుతో కాస్త ఒంపింది, ఎటో చూస్తూ.
ఆ ప్రశ్న కింద రెండే గుండ్రాలు.
నా వేలు వాటి మధ్య తెల్లటి జాగాలో నిలబడింది.

సూపర్‌వైజర్ నటేశప్ప ఫోను:
"వ్యవసాయేతరం అని కొట్టెయ్ తల్లీ, ఒక్క నొక్కు.
సాయంత్రానికి నీ ఎనిమిదీ అయిపోతాయి."
మంచివాడే. పోయిన నెల నా ఆటో డబ్బులు తన జేబులోంచి ఇచ్చాడు.

"రాస్తే ఏమన్నా వస్తాదా?" అందామె.
శిక్షణలో నేర్పిన జవాబు చెప్పాను: గణాంకాల కోసం మాత్రమే.
"రాయకుంటే ఏమన్నా పోతాదా?"
దానికి జవాబు నేర్పలేదు.

ఇతరములు, నలభై అక్షరాలు మించరాదు.
నాలుగుసార్లు రాసి చెరిపాను.
ఐదోసారి చూసుకోకుండా పంపాను.

ఆఖరి పని, హద్దు నడవాలి.
ట్యాబ్ ఎత్తి పట్టుకుని నేను, ముందు ఆమె.
తెరమీద పోయినేటి ఉపగ్రహం తీసిన బూడిదరంగు,
దానిమీద మా ఇద్దరి నడక నీలిగీతగా పాకుతోంది,
పద్నాలుగు మూలలు తిరిగి, రాళ్ళను తప్పించుకుని.
ఇరవైతొమ్మిదో సైటు దగ్గర చప్పున నా మోచెయ్యి పట్టుకుంది.
ముందు ఏమీ లేదు, తడిసిన మట్టి.

"పక్కన అడుగెయ్.
నిన్న చల్లినా, ఇంకా లేయలే.
దాన్ని కూడా రాసుకో."